బీచ్ వనాల్లో కొండదారి పరుగు: చెట్టు కథ, కండరం కథ

బీచ్ అనగానే తెలుగువారికి విశాఖ సాగరతీరమో, బందరు దగ్గరి మంగినపూడి ఇసుకతిన్నెలో స్ఫురించడం సహజం. ఈ వ్యాసంలోని బీచ్‌కూ సముద్రానికీ సంబంధం లేదు. ఇది ఐరోపా ఖండంలోని కొండలను కప్పి ఉంచే ఒక మహావృక్షం. వృక్షశాస్త్రంలో దీని పేరు ఫాగస్ సిల్వాటికా. ఏనుగు కాలిని తలపించే బూడిదరంగు నున్నటి బెరడు, మధ్యాహ్నవేళ సైతం నేలను చీకటిగా ఉంచే దట్టమైన ఆకుల గొడుగు, అడుగున మడమలోతు ఎండుటాకుల పరుపు దీని లక్షణాలు. సాధారణంగా రెండు మూడు వందల సంవత్సరాలు జీవించే ఈ వృక్షం, దక్షిణ ఇటలీలోని పొల్లినో పర్వతాలలో ఆరు వందల ఏళ్ళు దాటి బతికిన నిదర్శనాలు ఉన్నాయి.

గత మంచుయుగం ముగిసిన తరువాత కార్పేథియన్, ఆల్ప్స్, పిరనీస్ వంటి పర్వతాల ఒడిలో తలదాచుకొన్న కొద్దిపాటి బీచ్ వృక్షాలు కొన్ని వేల సంవత్సరాలలోనే ఖండంలో అధికభాగం వ్యాపించాయి. పిమ్మట సేద్యానికీ, వంటచెరకుకూ, బొగ్గుకూ మనిషి వాటిని నరికివేయగా, గొడ్డలి సోకని వనాలు అక్కడక్కడ తునకలుగా మిగిలాయి. స్లొవేకియా, యుక్రెయిన్ దేశాల్లోని అటువంటి వనాలను యునెస్కో 2007లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2011లో జర్మనీ వనాలు వాటితో చేరాయి. 2021 నాటి విస్తరణతో ఈ జాబితా 18 దేశాల్లోని 94 వనఖండాలకు పెరిగింది.

ఆ విడత చేరినవాటిలో పోలండు ఆగ్నేయ మూలన ఉన్న బియెష్చాది కొండల వనాలు కూడా ఉన్నాయి. ఇక్కడి జాతీయవనం 1973లో ఏర్పడింది. అత్యున్నత శిఖరం టార్నిట్సా ఎత్తు 1,346 మీటర్లు మాత్రమే. అయినా ఈ కొండలకొక విశేషం ఉంది. ఇతర పర్వతాలలో బీచ్ వనానికి పైన దేవదారు జాతి చెట్ల వరుస ఉంటుంది. ఇక్కడ అది లేదు. పైకి పోయినకొద్దీ బీచ్ చెట్లే గాలికి వంగి, మరుగుజ్జులై, హఠాత్తుగా ఆగిపోతాయి. ఆ పైన చెట్టన్నది లేని గడ్డిమైదానం. దానిని స్థానికులు పొవొనినా అంటారు. దిగువ లోయలలో, 1947లో ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించిన పల్లెల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఇళ్ళు లేవు, వాళ్ళు నాటుకొన్న పండ్లచెట్లు అడవి మధ్యలో ఇంకా పూస్తున్నాయి.

ఈ కొండల మీదుగా 2004 నుండి ఒక పరుగు పందెం జరుగుతున్నది. దాని పోలిష్ పేరుకు అర్థం 'కసాయివాని పరుగు'! దూరం దాదాపు 80 కిలోమీటర్లు. ఇద్దరిద్దరు జట్టుగా పరుగెత్తి, జంటగానే గమ్యం చేరాలి. ఇటువంటి కొండదారి పరుగు నేడు ప్రపంచమంతటా వ్యాపించింది. ఉద్యోగరీత్యా విదేశాలలో స్థిరపడిన మన యువతీయువకులూ, నడివయస్కులూ ఇందులో పాల్గొంటున్నారు. అందుచేత ఆ పరుగులో శరీరం లోపల ఏమి జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

ఎక్కేటప్పుడు

కండరం ముడుచుకోవడానికి కావలసిన తక్షణ ఇంధనం ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. చిత్రమేమంటే కండరంలో దీని నిలవ రెండు మూడు సెకన్లకు మించి చాలదు. అది తరిగిపోగానే ఫాస్ఫోక్రియాటిన్ అనే మరొక పదార్థం తన ఫాస్ఫేటును దానం చేసి ఏటీపీని తిరిగి నిలబెడుతుంది. ఈ దాత కూడా పది సెకన్లలో చాలావరకు ఖర్చయిపోతుంది. అప్పటినుండి భారం వహించేవి గ్లైకోజెన్, కొవ్వు.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని ప్రతి తెలుగు పరుగువీరుడూ తెలుసుకోదగ్గ విషయం. 1927లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి వారు దీనిని ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా దీని జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు ద్వయం ఏటీపీని సైతం వేరుచేసింది; జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది అదే పని సాధించాడు. కండరాన్ని ముడిచే శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని అంతకుముందు శాస్త్రలోకం నమ్మేది. ఆ నమ్మకం సడలడానికి ఈ పరిశోధనలు కారణమయ్యాయి. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏమాత్రం తయారుకాని కండరం కూడా ముడుచుకోగలదని నిరూపించాడు.

ఇక ఖర్చు మాట. ఇటలీ శాస్త్రజ్ఞుడు మినెట్టి, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం, చదును నేలమీద ఒక మీటరు పరుగెత్తడానికి కిలో శరీరబరువుకు సుమారు 3.4 జౌళ్ళ శక్తి ఖర్చవుతుంది. నూటికి 45 వంతుల వాలున్న ఎగువదారిలో అదే మీటరుకు దాదాపు 19 జౌళ్ళు కావాలి, అంటే అయిదున్నర రెట్లు! శరీరంలో గ్లైకోజెన్ నిలవ ఇంచుమించు అరకిలో మాత్రమే. కనుకనే అనుభవజ్ఞులు నిటారు కొండను పరుగెత్తి ఎక్కరు. చేతులు తొడలమీద ఆనించి నడుస్తారు. పందెంలో నడవడం అవమానం కాదు, పొదుపు.

దిగేటప్పుడు

అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి, మెట్లదారినే దిగివచ్చిన భక్తులకు ఒక అనుభవం తప్పక ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగిన మర్నాడు తొడల నొప్పి. ఈ తేడాకు కారణమేమిటి?

శక్తి దృష్ట్యా చూస్తే దిగడం సులువే. పై పరిశోధనలోనే, నూటికి 20 వంతుల దిగువ వాలులో ఖర్చు చదును నేలమీది ఖర్చులో సగమని తేలింది. కాని దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకొని ఉండాలి. బండికి బ్రేకు వేసినట్లు ప్రతి అడుగులోనూ శరీరబరువును అది ఆపుతుంది. ఈ సాగుడులో కండరపోగులలోని సూక్ష్మనిర్మాణాలు చిట్లుతాయి. వాపు, మరమ్మతు నెమ్మదిగా సాగుతాయి కనుక నొప్పి ఒకటి నుండి మూడు రోజులకు పరాకాష్ఠ చేరుతుంది. దీనిని లాక్టిక్ ఆమ్లానికి అంటగట్టడం పొరపాటు. లాక్టేటు గంటసేపట్లో రక్తంలో మామూలు స్థితికి వస్తుంది. పైగా అది వ్యర్థపదార్థం కాదు. గుండె దానిని ఇంధనంగా వాడుకొంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది.

ఇందులో ఒక ఉపకారం కూడా ఉంది. ఒకసారి మితంగా దిగుడుకు అలవాటు చేస్తే, కొన్ని వారాలపాటు అదే శ్రమకు కండరం అంతగా దెబ్బతినదు. కాబట్టి సాధనలో ఎక్కడంతోపాటు దిగడానికీ చోటుండాలి.

నీరు, ఉప్పు, చలి

'దాహం వేయకముందే తాగండి, వీలైనంత తాగండి' అన్న సలహా ఒకప్పుడు విరివిగా వినిపించేది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా, నూటికి 13 మందిలో సోడియం ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపించింది. పరుగులో అతిగా నీళ్ళు తాగి బరువు పెరిగినవారిలోనే ఇది ఎక్కువ. సోడియం పలుచబడితే మెదడు వాచి ప్రాణాపాయం కలగవచ్చు. దాహం మేరకు తాగడమే నేటి వైద్యుల హితవు.

చలి మరొక శత్రువు. బీచ్ వనంలో గాలి తగలదు. చెమటతో తడిసిన పలుచని చొక్కాతో హాయిగానే ఉంటుంది. చెట్లు ఆగిపోయి గడ్డిమైదానం మొదలుకాగానే ఈదురుగాలి ఆ తడిని ఆవిరిచేస్తూ శరీరపు వేడిని లాగివేస్తుంది. 2021 మేలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన 100 కిలోమీటర్ల పందెంలో హఠాత్తుగా వాతావరణం మారి 21 మంది మరణించారు. వారిలో ఆరితేరినవారు కూడా ఉన్నారు. నీరు చొరని పైచొక్కా, చేతితొడుగులు, తలపాగా సంచిలో ఉంటే కొన్ని వందల గ్రాముల బరువు మాత్రమే.

చెట్టుకు వచ్చిన ముప్పు

రసాయనశాస్త్రం ఈ చెట్టుకు ఋణపడి ఉంది. రైకెన్‌బాక్ 1832లో బీచ్ కట్టెల తారునుండే క్రియోసోట్‌ను వేరుచేశాడు. చాలాకాలం అది దగ్గుమందుగా చెలామణి అయింది. నేడు ఆ చెట్టుకే కష్టకాలం వచ్చింది. బీచ్ బెరడు పలుచన. ఎండకు త్వరగా కమిలిపోతుంది. 2018 నాటి అనావృష్టిలో మధ్య ఐరోపాలో అనేక బీచ్ చెట్లు వేసవిలోనే ఆకు రాల్చాయి. అమెరికాలోని బీచ్ జాతికి 2012లో ఒహాయో రాష్ట్రంలో ఒక కొత్త ఆకుతెగులు కనిపించింది. మొగ్గలలో చేరే అతిసూక్ష్మమైన నులిపురుగు దానికి కారణమని తేలింది.

పరుగెత్తేవారు చేయగలిగిన మేలు కొంత ఉంది. బీచ్ వేళ్ళు నేలకు దగ్గరగా పరచుకొంటాయి. అడ్డదారులు తొక్కితే మట్టి గట్టిపడి అవి ఊపిరాడక నశిస్తాయి. కనుక గుర్తులు పెట్టిన దారిని వీడరాదు. ఒక అడవి బురదలో వేళ్ళను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులుంటే, బూట్లతో మరో అడవికి ప్రయాణం చేస్తాయి. అందుచేత ప్రతి పరుగు తరువాత బూట్లు కడిగి ఆరబెట్టాలి. పడిపోయిన మానును అడ్డమని తొలగించమని కోరరాదు. అది శిథిలమయ్యే ముప్పై నలభై ఏళ్ళలో ఎన్నో శిలీంధ్రాలకూ, కీటకాలకూ ఆధారం.

నలభై దాటినవారికి

చివరిగా మన సంగతి. గుండెపోటుపై 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఆధారంగా 2007లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో, దక్షిణాసియావాసులకు మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వస్తున్నదని, ఇతరులకు 59వ ఏట వస్తున్నదని తేలింది. వ్యాయామం లోపించడం అందులో ఒక కారణం. అంటే నలభై దాటిన మనకు కూర్చోవడమూ ప్రమాదమే, సన్నద్ధత లేకుండా కొండమీదికి ఉరకడమూ ప్రమాదమే. ముందు వైద్యుని చేత రక్తపోటు, చక్కెర, కొలెస్టెరాల్, గుండె పరీక్షలు చేయించుకోండి. మూడు నెలలు వేగంగా నడవండి. తరువాత నడకలో కొంత పరుగు కలపండి. మొదటి కొండ చిన్నదై ఉండాలి. ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగే వేగానికి మించకండి. ఛాతీలో బరువు, దవడలోకో ఎడమచేతిలోకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే, గమ్యం కనుచూపుమేరలో ఉన్నా ఆగిపోయి సహాయం కోరండి. ఒంటరిగా వెళ్ళకండి, బియెష్చాది పందెంలో ఇద్దరిద్దరిని జతచేసిన నియమం ఇంటి దగ్గరి చిన్న కొండకూ వర్తిస్తుంది. భార్యాభర్తలు కలిసి మొదలుపెడితే మరీ మంచిది.