అల్పాకా కాపరి పంచాంగం

‘లామా’ అనగానే మన విద్యార్థులకు టిబెట్టు సన్న్యాసి స్ఫురిస్తాడు. దక్షిణ అమెరికాలో ఆ పేరుగల జంతువు ఒకటి ఉన్నదనీ, అల్పాకా దానికి చెల్లెలి వంటిదనీ చెప్పితే నవ్వుతారు. రెండూ ఒంటె కుటుంబానికి చెందినవే. మూపురం మాత్రం లేదు. లామా బరువు మోస్తుంది, అల్పాకా ఉన్ని ఇస్తుంది. ఆండీస్ పర్వతవాసులు ఆరేడువేల సంవత్సరాల క్రిందట వికూన్యా అనే వన్యమృగాన్ని మచ్చిక చేసి అల్పాకాను సాధించారని 2001లో జరిగిన జన్యుపరిశోధన తెలియజేసింది.

పెరూ, బొలీవియా దేశాలలో సుమారు 4,000 మీటర్ల ఎత్తున, పైరులు సరిగా పండని బయళ్ళలో ఈ మందలే జీవనాధారం. అక్కడి ఋతువులు మనకు తలక్రిందులు. జూన్, జూలై నెలలలో రాత్రివేళ నీరు గడ్డకడుతుంది. డిసెంబరు మొదలు మార్చి వరకు వానలు, పచ్చిక. పిల్లలు పుట్టవలసినది ఆ నాలుగు నెలలలోనే.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. అల్పాకా గర్భం మోసేది సుమారు 345 రోజులు. సంవత్సరంలో మిగిలేవి ఇరవై. ఈనిన తరువాత రెండు వారాలైనా గడవనిదే గర్భాశయం కుదుటపడదు. నెల దాటితే మరుసటి ఈత వెనుకకు జరుగుతుంది. ఏటేటా అలా జరిగిందా, ఒకనాటికి పిల్ల చలికాలపు అంచున నేలబడుతుంది, బ్రతకడం కష్టం. కాపరి పంచాంగమంతా ఈ ఇరుకు సందులోనే ఇమిడి ఉన్నది. అదృష్టవశాత్తు ఈ జంతువుకు ఆవువలె ఎదకు వచ్చే రోజులంటూ లేవు; మగదానితో కలిసిన తరువాతనే అండం విడుదల అవుతుంది. చూడి నిలిచినదో లేదో తెలుసుకొనడానికి కొన్ని వారాలకు మగదానిని మళ్ళీ దగ్గరకు తెస్తారు. ఆడది చతికిలబడితే నిలువలేదన్నమాట; ఉమ్మివేసి తన్ని తరిమితే నిలిచినట్లే. ఇంత నిర్మొహమాటమైన జవాబు మా పరీక్షాపత్రాలలో కూడా దొరకదు!

ఈనడం చాలావరకు ఉదయం వేళనే. తల్లి పిల్లను నాకి ఆరబెట్టదు. ఆ పని ఎండ చేయవలసిందే. పొద్దు వాలేసరికి ఆ చిన్ని ఒళ్ళు ఆరి ఉండకపోతే రాత్రి గడవడం గండమే.

ఉన్ని కత్తిరింపు ఏటికి ఒకమారు, కడుచలి వెళ్ళి వానలు ఆరంభమయ్యే రోజులలో. తడి ఉన్నిని కోయరాదు గనుక తెరపి కోసం కాచుకొని ఉండవలెను; మరీ ఆలస్యమైతే మళ్ళీ చలి వచ్చేలోగా ఒంటిమీద చాలినంత పెరగదు. కాళ్ళు కట్టి పడుకోబెట్టి, వీపు, ప్రక్కల మేలి ఉన్నిని ఒకచోట, కాళ్ళ ముతక ఉన్నిని మరొకచోట పోగు చేస్తారు. నెలలు నిండినవాటిని అలా పడవేయరు. అవి ఈనేవరకు ఆగుతారు. ఒక్కొక్కటి ఇచ్చేది సుమారు రెండు కిలోలు.

అల్పాకాలలో నలుపు, బూడిద, గోధుమవన్నె, తెలుపు ఉన్నవి. కాని అద్దకానికి తెలుపే అనువని మిల్లులు కోరడంతో కాపరులు తెల్లని పోతులనే మందలో నిలుపుకొన్నారు. నేడు పెరూలో అధికభాగం తెల్లనివే. అద్దకం అక్కరలేని నలుపును చేజేతులా వదులుకోవడం నాకు వింతగా తోస్తుంది. పూనో ప్రాంతంలోని క్విమ్సచాటా పరిశోధనకేంద్రంలో మాత్రం రంగు అల్పాకాల మందను ప్రత్యేకంగా సాకుతున్నారు.