శిశువిద్య – నిర్ణయశక్తి

మూడేండ్ల బిడ్డ తన పనిని తానే నిర్ణయించుకొనగలడా? అమెరికాదేశమున మిచిగన్ రాష్ట్రమందలి ఇప్సిలాంటిలో 1962లో ఆరంభమైన పెర్రీ శిశుపాఠశాల గలడనియే చాటినది. అచట రూపొందిన పద్ధతి సులభము. ఆటకు ముందు ఉపాధ్యాయిని 'ఏమి చేయుదువు?' అని యడుగును. ఆట ముగిసిన పిమ్మట 'ఏమి చేసితివి? ఎట్లు జరిగినది?' అని యడుగును. దిమ్మల మేడ కూలినచో తాను నిలుపదు. ఏల కూలెనో బిడ్డచేతనే చెప్పించును.

ఆ ప్రయోగమందలి 123 మంది పిల్లలలో 58 మందికి ఆ విద్య లభించెను, తక్కినవారికి లభింపలేదు. వారికి నలువదియేండ్లు వచ్చునప్పటికి, అయిదుమార్లో యంతకు మించియో అరెస్టయినవారు విద్య పొందినవారిలో నూటికి 36, పొందనివారిలో 55. ఉపాధ్యాయినులు ఇండ్లకేగి తల్లులతో సంప్రదించుటయు నందు భాగమే కావున, ఫలమంతయు ప్రశ్నలదే యని మేము వాదింపము.

మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ శిశువులకు ఆటతోడి విద్యనే యుపదేశించినది. అయినను తల్లిదండ్రులు పెక్కురు పలకనిండ అక్షరములనే కోరుచున్నారు. పదునెనిమిదేండ్లు ఆజ్ఞలే విన్నవానికి ఓటునాడు వివేచన యెట్లబ్బును? దినమునకు రెండు ప్రశ్నలకు కాసు వ్యయము లేదు. బదులు వినునంతటి యోపిక చాలునని మా మనవి.