చికిత్స అయింది, మరి కాపురం సంగతి?

క్యాన్సర్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితంలో చాలా రాసి ఉంటాయి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, స్కానింగుకు ఎప్పుడు రావాలి, జ్వరం వస్తే ఏం చేయాలి... భార్యాభర్తలు మళ్లీ ఎప్పుడు కలవొచ్చన్నది మాత్రం అందులో అరుదుగా కనిపిస్తుంది. రోగి అడగరు, డాక్టరు కదపరు. పక్కన అత్తగారో, పెద్ద కొడుకో నిలబడి ఉంటే ఆ మాట అసలే పైకి రాదు. "ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఇంకా ఆ యావ దేనికి?" అని తమకు తామే సర్దిచెప్పుకుని ఊరుకునేవాళ్లూ ఉంటారు.

నోరు తెరిచి అడిగితే, చాలా ఇబ్బందులకు వైద్యం దగ్గర జవాబులున్నాయి.

మన దేశంలో మహిళలకు ఎక్కువగా వచ్చేవి రొమ్ము క్యాన్సర్, ఆ తర్వాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రెండో దానికి తరచూ రేడియేషన్ ఇస్తారు. ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అనేది దీన్నే. ఆ కిరణాల ప్రభావం గడ్డతో పాటు యోని గోడల మీదా పడుతుంది. అవి పొడిబారి, గట్టిపడి, మార్గం ఇరుకవుతుంది. ఒక్కోసారి గోడలు అతుక్కుపోతాయి కూడా. అందుకే చికిత్స ముగిసిన కొన్ని వారాలకు డైలేటర్ మొదలుపెట్టమంటారు. నున్నటి మొన ఉన్న ప్లాస్టిక్ లేదా సిలికాన్ పరికరమిది. సన్నని సైజు నుంచి లావు సైజు దాకా సెట్టుగా వస్తుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, జెల్లీ రాసి, మెల్లగా లోపలికి పెట్టుకుని ఐదు పది నిమిషాలు ఉంచుకోవాలి. వారానికి రెండు మూడు సార్లు చాలు. బలవంతంగా తోయకూడదు. కొద్దిగా రక్తపు మరక కనిపించొచ్చు గానీ, ఎక్కువగా కారినా, నొప్పి ఆగకపోయినా డాక్టరుకు చెప్పాలి. భర్త లేని మహిళలకూ ఇది పనికొచ్చేదే. మార్గం మూసుకుపోతే, జబ్బు తిరగబెట్టిందేమో లోపల పరీక్షించి చూడటం డాక్టరుకు కష్టమవుతుంది.

ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. అది కలయిక ద్వారా సోకుతుందని తెలియగానే కొన్ని ఇళ్లలో అనుమానాలు మొదలవుతాయి. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఈ వైరస్. ఏళ్ల తరబడి పైకి తెలియకుండా ఉండిపోగలదు. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో తేల్చే పరీక్ష లేదు. ఇక క్యాన్సర్ విషయానికొస్తే, అది కలయిక వల్ల అంటుకోదు. కీమో ఎక్కించాక కొన్ని రోజులు మందు అవశేషాలు శరీర ద్రవాల్లో ఉండొచ్చు కాబట్టి కండోమ్ వాడమంటారు, అంతే.

రొమ్ము క్యాన్సర్‌లో తంటా మాత్రల దగ్గరుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గించేస్తాయి. ఏళ్ల తరబడి వేసుకోవాలి. యోని పొడిబారి, కలిసినప్పుడల్లా మంట పుడుతుంది. ఆమె వెనక్కి తగ్గితే ఇష్టం లేదనుకుని భర్త దూరం జరుగుతాడు. ఆపరేషన్ మచ్చ చూసే దూరం జరిగాడని ఆమె అనుకుంటుంది. నీటితో తయారైన జెల్లీ, క్రమం తప్పకుండా రాసుకునే యోని మాయిశ్చరైజర్ చాలామందికి ఉపశమనం ఇస్తాయి. కొబ్బరి నూనె రాస్తే కండోమ్ చిరిగే ప్రమాదం ఉంది. ఈస్ట్రోజెన్ క్రీము మాత్రం క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు.

మగవాళ్ల కథ వేరు. 1980ల దాకా ప్రొస్టేట్ గ్రంథిని తీసేస్తే దాదాపు అందరిలోనూ అంగస్తంభన పోయేది. అది తప్పదనే అనుకునేవారు. 1981లో అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లి, అక్కడి ప్రొఫెసర్ పీటర్ డాంకర్‌తో కలిసి అంగస్తంభనను నడిపే నరాలను వెతికారు. అవి ప్రొస్టేట్ లోపల కాదు, దాని పక్క నుంచి వెళ్తున్నాయని తేలింది. 1982 ఏప్రిల్ 26న జాన్స్ హాప్‌కిన్స్‌లో వాల్ష్ ఆ నరాలను కాపాడుతూ తొలి ఆపరేషన్ చేశారు. అయితే క్యాన్సర్ నరాల దాకా పాకితే వాటినీ తీసేయక తప్పదు. కాపాడినా అవి కోలుకోవడానికి రెండేళ్ల దాకా పట్టొచ్చు. ఈలోగా సిల్డెనాఫిల్ మాత్రలు, వాక్యూమ్ పంపు సాయపడతాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ ఆపరేషన్ తర్వాత తృప్తి కలిగినా వీర్యం రాదన్న సంగతి కూడా ముందే తెలిస్తే కంగారుండదు.

ఈ విషయాలన్నీ రోగితో ఎలా మాట్లాడాలో 1976లోనే అమెరికా సైకాలజిస్టు జాక్ ఆనన్ నాలుగు మెట్లుగా చెప్పారు. మాట్లాడే చనువివ్వడం, కావలసినంత సమాచారం చెప్పడం, ఫలానాది చేయండని సూచించడం, అప్పటికీ తీరకపోతే నిపుణుల చికిత్స. వాటిలో మొదటిది డాక్టరు చేయకపోతే రోగే చేయొచ్చు. "ఒక్క ఐదు నిమిషాలు విడిగా మాట్లాడాలి డాక్టరుగారూ" అంటే వెంట వచ్చినవాళ్లు బయట కూర్చుంటారు. ఎప్పటి నుంచి కలవొచ్చు, ఏ జెల్లీ వాడాలి, గర్భం రాకుండా ఎన్నాళ్లు జాగ్రత్తపడాలి అన్నవి అక్కడే తేలిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లు వీర్యం, అండాలు భద్రపరచడం గురించి మొదటి కీమోకు ముందే అడగాలి.