పేరున్న ప్రతిమలు

తిరుమల వెళ్ళిరాని తెలుగు కుటుంబం అరుదు. కాని మహాద్వారం దాటగానే కుడిచేతివైపు మండపంలో చేతులు జోడించి నిలుచున్న మూడు రాగి విగ్రహాలను నిదానంగా చూసినవారు అంతకంటే అరుదు. వెనుక జనం తోపులాట, ముందు స్వామి దర్శనమనే ఆత్రం. ప్రతిమలవంక చూసే తీరిక యెవరికి? వాటిలో పొడవాటి కుళ్ళాయి పెట్టుకున్నవాడు శ్రీకృష్ణదేవరాయలు. ఇరుప్రక్కలా వున్నవారు ఆయన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి. విగ్రహాల భుజాలమీద వారి పేర్లు చెక్కి వున్నాయి. ఆ పేర్లే యీ ప్రతిమల విశేషం.

మన ఆలయాల్లో స్త్రీ శిల్పాలకు కొదువ లేదు. స్తంభానికొక సాలభంజిక, గోడ గోడకూ నర్తకీమణులు. అయితే “ఈమె యెవరు? ఎవరి బిడ్డ?” అని అడిగితే చెప్పేవారుండరు. శిల్పి చెక్కినది ఒక స్త్రీని కాదు, స్త్రీ సౌందర్యాన్ని. సాహిత్యంలోనూ చాలామటుకు యింతే. మా కార్వేటినగరంలో సారంగపాణి వేణుగోపాలుని మీద పదాలు చెప్పాడు. పదాల్లోని నాయిక అలుగుతుంది, దెప్పిపొడుస్తుంది, చెలికత్తెతో గుండె విప్పుకుంటుంది. అంతా మన యింటి మాటల్లోనే. ఆమె పేరేమిటో మాత్రం మనకు తెలియదు.

ఇక ఫలానా స్త్రీని ఫలానా స్త్రీగానే నిలపాలంటే శిల్పి యేం చేయాలి? సరిగ్గా రాయలవారి కాలంలోనే ఐరోపాలో ఒక జర్మను శిల్పికి యీ ప్రశ్న యెదురైంది. అతని పేరు కాన్రాట్ మైట్, పుట్టినవూరు వర్మ్స్. 1514 నుంచి నెదర్లాండ్సు పాలకురాలు మార్గరెట్‌వద్ద ఆస్థానశిల్పిగా వున్నాడు. కొయ్యలోనూ, చలువరాతిలోనూ, కాల్చిన మట్టిలోనూ మనుషుల ముఖాలను పోలిక తప్పకుండా దించడంలో దిట్ట.

మట్టి బొమ్మ అంటే చులకన పనికాదు. పలమనేరు కుమ్మరులను అడిగితే తెలుస్తుంది. మట్టి ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. మందంగా వున్నచోట తడి మిగిలితే ఆవంలో పగులుతుంది. అందుకే పెద్ద బొమ్మను లోపల డొల్లగా వుంచాలి. ఇన్ని చిక్కులున్నా శిల్పులు మట్టిని వదలలేదు. వేలితో నొక్కితే చెంప పల్లమవుతుంది, గోటితో గీస్తే కనురెప్ప తేలుతుంది. ఎదుట కూర్చున్న మనిషి ముఖాన్ని అంత చురుకుగా పట్టుకొనే పదార్థం మరొకటి లేదు.

మార్గరెట్ భర్త ఫిలిబర్టు 1504లోనే పోయాడు. ఆయనకోసం ఫ్రాన్సులో బ్రూ అనేచోట ఆమె సమాధిమందిరం కట్టించింది. అక్కడి ప్రతిమలకై 1526లో మైట్‌తో ఒప్పందం కుదిరింది. ఆమె సమాధిమీద ఆమె ప్రతిమలు రెండు. పైన రాచవుడుపుల్లో వయసు మళ్ళిన మార్గరెట్. క్రింద జుట్టు విరబోసుకొని వట్టికాళ్ళతో పడుకున్న పడుచు. పని ముగియకముందే, 1530లో మార్గరెట్ కన్నుమూసింది.

మైట్ మార్గరెట్‌ను ముఖంతో, వయసుతో నిలిపాడు. తిరుమల శిల్పి దారి వేరు. రాణులకు వయసు చూపలేదు. వారిని సింహాసనంమీద కూర్చోబెట్టనూ లేదు. నగలు పెట్టి, కొప్పు దిద్ది, స్వామి సన్నిధిలో చేతులు జోడింపజేశాడు. భక్తురాళ్ళుగా నిలిపి, యెవరో తెలియడానికి భుజాన పేరు చెక్కాడు. అక్కడ ముఖం చేసిన పనిని యిక్కడ పేరు చేసింది.

ఆ పేర్ల వెనుక కథ కూడా వున్నది. 1513 ఫిబ్రవరిలో రాయలు తొలిసారి కొండ యెక్కినప్పుడు యీ దేవేరులిద్దరూ వెంట వచ్చారు. స్వామికి పాలు ఆరగింపు పెట్టడానికి చెరొక బంగారుగిన్నె సమర్పించారు. ఆ సంగతి శాసనాలకెక్కింది. రాయల దానాల చాటున వారి దానాలు మరుగున పడలేదు.

అదే ఆవరణలో అచ్యుతరాయల రాణి వరదాజమ్మకూ ప్రతిమ వున్నది. పద్దెనిమిదో శతాబ్దపు తోడరమల్లు ప్రక్కన అతని తల్లి మాతా మోహనదేవి, భార్య పితాబీబీ నిలుచున్నారు. ఈయన అక్బరు మంత్రి తోడరమల్లు కాదు. ఆర్కాటు నవాబుల కాలంవాడు. కొడుకు తాను మాత్రమే నిలిచిపోవాలనుకోక, తల్లినీ యిల్లాలినీ సన్నిధికి తెచ్చుకోవడం యెంత ముచ్చటైన సంగతి!

మన యిళ్ళలో ముత్తాతల పేర్లు నాలుగుతరాలు చెప్పగలం. ముత్తవ్వల పేర్లు అడిగితే తడబడతాం. పేరు మరచిపోతే మనిషి మరోమారు పోయినట్టే. ఈసారి తిరుమల వెళ్ళినప్పుడు మహాద్వారం దగ్గర పిల్లలకు ఆ ప్రతిమలు చూపించి, “వీరు తిరుమలదేవి, చిన్నాదేవి” అని చెప్పండి. ఇంటికి వచ్చాక మీ ముత్తవ్వ పేరు కూడా చెప్పండి.