మంచు కరిగే ఊళ్ళో ఎండాకాలం సెలవులు

ఎండాకాలం సెలవులొస్తే బరంపురం తెలుగువాళ్ళు దారింగిబాడి వైపు చూస్తారు. హోసూరు వాళ్ళకి ఏర్కాడు, బెంగళూరు వాళ్ళకి ఊటీ, షోలాపూర్ వాళ్ళకి మహాబలేశ్వర్, యానాం వాళ్ళకి అరకు. ఎక్కడికెళ్ళినా పని ఒకటే... చల్లగాలి పీల్చుకోవడం, కాల్చిన మొక్కజొన్న పొత్తు తినడం, నాలుగు ఫొటోలు దిగి రావడం. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల నడుమ షామొనీ అనే ఊరుంది. అక్కడికీ జనం వేసవిలో ఇలాగే బారులు తీరతారు. తేడా ఒక్కటే. వాళ్ళు చూడ్డానికి వచ్చే మంచు ఏటికేడు కరిగిపోతోంది!

ఫ్రెంచి వాళ్ళతో మనకి బొత్తిగా చుట్టరికం లేకపోలేదు. యానాం 1954 దాకా వాళ్ళ ఏలుబడిలోదే. 1962లో అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. అలాంటి కుటుంబాలకి షామొనీ పేరు కొత్త కాకపోవచ్చు. మిగతా మనవాళ్ళు మాత్రం ఐరోపా ప్యాకేజీ అంటే స్విట్జర్లాండు వెళ్ళి, టిట్లిస్ మంచు మీద షారుఖ్, కాజోల్ బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తుంటారు. సరిహద్దుకి ఇవతల ఉన్న ఈ ఊరిని దాటేసి పోతారు. దాటిపోకూడని కారణం ఒకటుంది. అది కాస్త తర్వాత చెప్పుకుందాం.

ఊరు చిన్నది... పేరు పెద్దది

షామొనీ జనాభా సుమారు 9 వేలు. మన లెక్కలో ఓ మోస్తరు మేజరు పంచాయతీ అంతే. సముద్ర మట్టానికి 1,035 మీటర్ల ఎత్తులో, ఆర్వ్ అనే నది ఒడ్డున ఉంటుంది. ఊరి మీదకి వంగి చూస్తున్నట్టుండే తెల్లటి శిఖరమే మౌంట్ బ్లాంక్, అంటే తెల్లకొండ. పశ్చిమ ఐరోపాలో దీనికి మించిన ఎత్తు లేదు. 2023లో కొలిస్తే 4,805.59 మీటర్లు తేలింది. అరవై సెంటీమీటర్ల లెక్క కూడా ఎందుకంటారా? నెత్తిన ఉన్నది రాయి కాదు, మంచు టోపీ. గాలికీ వానకీ పెరుగుతుంది, తరుగుతుంది. అందుకే రెండేళ్ళకోసారి కొలుస్తుంటారు.

1741లో ఇద్దరు ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడి మంచుని చూసి వెళ్ళి రాసేదాకా ఇది పశువులు కాసుకునే ఊరే. 1786 ఆగస్టు 8న ఈ ఊరి డాక్టరు మిషెల్ పక్కార్, స్ఫటికాలు ఏరుకునే జాక్ బల్మా కలిసి శిఖరం ఎక్కారు. ఇక అక్కణ్ణుంచి కొండెక్కడం ఊరికి జీవనోపాధి అయిపోయింది. 1924లో మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగిందీ ఇక్కడే.

పొద్దున లేస్తే ఏం చేస్తారు?

అక్కడ బడి సెలవులు జులై మొదట్లో మొదలై ఆగస్టు ఆఖరు దాకా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. కాబట్టి తొందరేం లేదు. పగలు ఊళ్ళో ఒక్క స్వెట్టరు చేతిలో ఉంటే చాలు.

చిన్నపిల్లలున్న వాళ్ళకి పట్టాల మీద జారే లూజ్ బండ్లు ఉన్నాయి. బ్రేకు మన చేతిలోనే, కొండ వాలున మెలికలు తిరుగుతూ దిగుతుంది. పక్కనే ఉన్న లెజూష్ ఊరి పైన మెర్లే పార్కు... జింకలు, కొండమేకలు, మార్మట్లు బోనుల్లో లేకుండా మన మధ్యే తిరుగుతాయి. మార్మట్ అంటే బొద్దుగా ఉండే పెద్ద ఉడత జాతి జంతువు. చలికాలమంతా బొరియలో నిద్రపోయి, వేసవిలో బయటికొచ్చి ఈల వేస్తుంది. పిల్లలు దాన్ని వదిలి రారు.

కొంచెం పెద్దవాళ్ళకి గయాన్ బండల దగ్గర తాడు కట్టి రాయి ఎక్కడం నేర్పుతారు. ఆర్వ్ నదిలో రాఫ్టింగ్ ఉంది. ఆ నీళ్ళు పలచటి సున్నపు నీళ్ళలా తెల్లగా ఉంటాయి. కొండ అరగదీసిన రాతిపిండి అది. కరిగిన మంచు కాబట్టి జులైలోనూ కాళ్ళు జివ్వుమంటాయి. ఇక ఆకాశం వైపు చూస్తే రంగురంగుల పారాగ్లైడర్లు. అనుభవమున్న పైలట్ వెనక కట్టుకుంటాడు, మనం ముందు వేళ్ళాడటమే.

నడక ఇష్టమైనవాళ్ళకి ఇది కాశీ. ఫ్లెజేర్ దాకా కేబుల్ కారులో వెళ్ళి, అక్కణ్ణుంచి 2,352 మీటర్ల ఎత్తులోని లాక్ బ్లాంక్ అనే తెల్ల చెరువుకి నడిస్తే, ఎదురుగా కొండల వరసంతా నీళ్ళలో కనిపిస్తుంది. గట్టివాళ్ళు మౌంట్ బ్లాంక్ చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు మూడు దేశాల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు. మామూలు మనుషులకి పది పదకొండు రోజుల పని. మన గిరి ప్రదక్షిణలో పుణ్యం, ఇక్కడ మోకాళ్ళ నొప్పి! 2003 నుంచి ఆగస్టు ఆఖర్లో ఇదే దారిలో పరుగు పందెం పెడుతున్నారు. మొదట వచ్చేవాళ్ళు 20 గంటల చుట్టుపక్కల ముగించేస్తున్నారంటే నమ్మబుద్ధి కాదు.

ఇవేవీ వద్దు, కూర్చుని చూస్తామనే వాళ్ళకి ఎగ్వీ దు మిడి కేబుల్ కారు ఉంది. 1955లో కట్టారు. మధ్యలో ఒక్కసారి మారి, ఇరవై నిమిషాల్లో 3,842 మీటర్ల పైకి చేరతాం. కింద ఎండ, పైన గడ్డకట్టే చలి. అద్దాల గదిలో నిలబడితే కాళ్ళ కింద వెయ్యి మీటర్ల లోతు. ఇంత ఎత్తుకి ఇంత వేగంగా వెళ్ళడం అందరి ఒంటికీ పడదు. మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించరు. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు డాక్టరుని అడిగి మరీ వెళ్ళాలి.

మెట్లు చెప్పే లెక్క

షామొనీ నుంచి మోంటన్‌వేర్‌కి ఎర్రటి చిన్న రైలుంది. ఊటీ రైల్లాగే పట్టాల మధ్య పళ్ళ పట్టా పట్టుకుని ఎక్కుతుంది. ఊటీకి రైలు చేరింది 1908లో. ఇదీ ఆ ఏడాదే మొదలై 1909లో కొండ పైకి చేరింది. 1,913 మీటర్ల ఎత్తున దిగగానే ఎదురుగా మేర్ ద గ్లాస్, అంటే మంచు సముద్రం. ఇది ఫ్రాన్సులోకెల్లా పెద్ద హిమానీనదం.

పాత బొమ్మల్లో స్టేషను దాపునే మంచు అలలు కనిపిస్తాయి. టోపీలు పెట్టుకున్న దొరలు, పొడుగు గౌన్ల దొరసానులు చేతికర్ర పట్టుకుని దాని మీద నడుస్తుంటారు. ఇప్పుడు స్టేషను నుంచి చూస్తే ఎక్కడో లోతున, బూడిదరంగు రాళ్ళ కింద ఉందీ లేదన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు 'మంచు ఏదీ?' అని అడుగుతారు.

ఎంత తగ్గిందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు, మెట్లు లెక్కపెడితే చాలు. 1988లో మంచు దగ్గరికి దించే గండోలా పెట్టినప్పుడు, అది దిగాక మూడంటే మూడు మెట్లు దిగితే మంచు మీద కాలు పడేదట. తర్వాత ఏటా మంచు కిందికి కుంగింది, ఏటా కొత్త మెట్లు కట్టారు. 2020 వచ్చేసరికి ఆ మూడు మెట్లు కాస్తా 500 దాటాయి! దిగేటప్పుడు బండ మీద బోర్డులుంటాయి... ఫలానా సంవత్సరంలో మంచు ఇంతదాకా ఉండేది అని. 1990 అని రాసిన బోర్డు తల పైకెత్తి చూడాలి, మంచు మాత్రం ఇంకా ఎన్నో అంతస్తుల కింద. తాతయ్య కట్టిన మెట్లు కావవి. ఆ బోర్డు నాటికి పుట్టినవాళ్ళకి ఇంకా నలభై కూడా నిండలేదు.

చివరికి ఆ చోటే వదులుకున్నారు. లోయలో ఇంకా ఎగువకి, మంచు మిగిలిన చోటికి దించే కొత్త గండోలా 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మంచులో గుహ తవ్వి జనాన్ని లోపలికి తీసుకెళ్ళడం పాత ఆనవాయితీ. మంచు కదులుతూ, కరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ గుహని ఏటా మళ్ళీ తవ్వాల్సిందే. మంచు పోతోందని తెలిసి, పోకముందే చూద్దామని జనం మరింతగా వస్తున్నారు. ఊరికి ఆదాయమే గానీ, ఇదేం గిరాకీ అనిపిస్తుంది.

మంచులో మనవాళ్ళు

దాటిపోకూడని కారణం అన్నాం కదా. అది ఊరి పక్కనే వేళ్ళాడుతుండే బోసొన్ అనే మరో హిమానీనదం.

1950 నవంబరు 3న ఎయిరిండియా విమానం 'మలబార్ ప్రిన్సెస్' మౌంట్ బ్లాంక్ శిఖరానికి కాస్త కింద కొట్టుకుంది. 48 మంది పోయారు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఇంగ్లండులో ఓడ ఎక్కడానికి బయల్దేరిన మన నావికులే. వాళ్ళ కోసం వెళ్ళిన షామొనీ గైడు రెనె పాయో కూడా మంచు చరియ పడి చనిపోయాడు. పదిహేనేళ్ళు దాటాక, 1966 జనవరి 24న, మరో ఎయిరిండియా విమానం 'కాంచన్‌జంగా' దాదాపు అదే చోట కూలింది. కొండ దాటేశామని పొరబడి ఎత్తు తగ్గించారని దర్యాప్తులో తేలింది. 117 మంది. మన అణు విజ్ఞాన పితామహుడు హోమీ భాభా అందులోనే ఉన్నారు. వియన్నా సమావేశానికి వెళ్తున్నారు.

పైన పడ్డ మంచు గట్టిపడి, కొండ వాలున నెమ్మదిగా జారి, దశాబ్దాలకి కింది కొసకి చేరి కరుగుతుంది. తనలో దాచుకున్నదేదైనా అక్కడ వదిలేస్తుంది. 1820లో మంచు చరియ కింద పడిపోయిన ముగ్గురు గైడ్లు 1861లో కింద బయటపడ్డారు. సుమారు 40 ఏళ్ళు పడుతుందని స్కాట్లాండు శాస్త్రవేత్త జేమ్స్ ఫోర్బ్స్ ముందే లెక్కకట్టాడు.

మన విమానాలూ అంతే. 2012 ఆగస్టులో భారత విదేశాంగ శాఖ ముద్ర ఉన్న సంచి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు, కెంపులు ఉన్న ఇనప్పెట్టె దొరికితే, నేరుగా తీసుకెళ్ళి పోలీసులకి అప్పగించాడు. ఎవరూ హక్కుదారులు తేలక 2021లో సగం ఆయనకి, సగం ఊరికి పంచారు. ఒక్కో వాటా విలువ సుమారు లక్షన్నర యూరోలు. ఊరి వాటాని స్ఫటికాల మ్యూజియంలో చూడొచ్చు. 2017లో మనుషుల అవశేషాలు దొరికాయి. 2020 జులైలో 1,350 మీటర్ల ఎత్తున సెర్రో అనే చోట హోటలు నడిపే ఆయనకి తడిసిన భారతీయ దినపత్రికల కట్ట దొరికింది. ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్నారన్న వార్త అందులో చదవగలిగేలానే ఉంది. యాభై నాలుగేళ్ళు మంచులో ఉన్న పేపరు!

మౌంట్ బ్లాంక్ టన్నెల్ ముఖద్వారం దగ్గర్నుంచి ఆ సెర్రోకి అడవిదారిన నడిచి వెళ్ళొచ్చు. కుటుంబంతో వెళ్ళదగ్గ దారే. ఏదైనా వస్తువు కంటపడితే జేబులో వేసుకోకుండా పోలీసులకి చెప్పడం అక్కడి పద్ధతి.

తాళ్ళకు దీవెన

1820 ప్రమాదం తర్వాత, 1821లో గైడ్లంతా సంఘం కట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి పర్వత గైడ్ల సంఘం ఇదే. ఏటా ఆగస్టు 15న, మనకి జెండా పండగ రోజున, వాళ్ళకి గైడ్ల పండగ. పేర్లు చదువుతారు, పోయినవాళ్ళని తలుచుకుంటారు, తాళ్ళకీ మంచు గొడ్డళ్ళకీ చర్చి ఫాదరు దీవెనలిస్తారు. మన ఆయుధ పూజ గుర్తొస్తుంది.

వాళ్ళ పనీ ఇప్పుడు మారుతోంది. కొండ రాళ్ళని అతికి ఉంచేది లోపలి మంచే. అది కరిగితే రాళ్ళు ఊడతాయి. 2005లో డ్రూ శిఖరం మీది పెద్ద బండస్తంభం కుప్పకూలింది. 2022 జులైలో రాళ్ళు పడటం మరీ ఎక్కువై గైడ్లు మౌంట్ బ్లాంక్ మామూలు దారిలో తీసుకెళ్ళడం కొన్నాళ్ళు ఆపేశారు. అయినా సొంతంగా ఎక్కుతున్నవాళ్ళని చూసి మండిపడ్డ పక్క ఊరి మేయరు, రక్షణకి 10 వేలు, అంత్యక్రియలకి 5 వేలు కలిపి 15 వేల యూరోలు ముందే డిపాజిట్ కట్టాలన్నారు. సీజనులో నడుం కట్టుకునే ఆ రెండు నెలలే తప్పించుకోవాల్సిన నెలలు కావడం గైడ్లకి పెద్ద చిక్కు.

వెళ్ళేవాళ్ళకి

షెంజెన్ వీసా కావాలి. జెనీవాలో దిగితే రోడ్డున గంటా గంటన్నర. స్విట్జర్లాండు యాత్రలో ఉన్నవాళ్ళు మార్తిన్యీ నుంచి కొండ రైల్లో రావచ్చు.

తిండి సంగతి. ఉడికించిన బంగాళాదుంపల మీద కరిగిన చీజు పోసే రాక్లెట్ శాకాహారులు అడగొచ్చు, కానీ పక్కన పెట్టే మాంసం ముక్కలు వద్దని ముందే చెప్పాలి. తార్తిఫ్లెట్ అనేదాంట్లో పంది మాంసం కలిసే ఉంటుంది, జాగ్రత్త. ఆవకాయ సీసా పట్టుకెళ్ళొచ్చు గానీ పాలకోవా, నెయ్యి ఇంట్లోనే వదలాలి. బయటి దేశాల పాల పదార్థాల్ని ఐరోపాలోకి రానివ్వరు.

కేబుల్ కార్లకి పొద్దున్నే వెళ్ళడం మేలు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి ఉరుములు మొదలైతే, టికెట్టు చేతిలో ఉన్నా కొండ కనపడదు.