ఇద్దరిద్దరుగా వచ్చు యువబోధకులు: మోర్మను మిషనరీ వారము, మన సంఘముల బాధ్యత

దేవరకొండ, డిండి, చందంపేట ప్రాంతములలోని ఏ సంఘమును చూచినను, ఆదివారము ఆరాధనలో కొన్ని చాపలు ఖాళీగా కనబడును. ఆ స్థలములలో కూర్చుండవలసిన యువతీయువకులు చదువు కొరకో పని కొరకో హైదరాబాదుకు వెళ్లియున్నారు. వందకు పైబడిన కిలోమీటర్ల దూరములో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులోనో, ఎల్.బి.నగర్ అద్దె గదిలోనో వారు ఒంటరిగా ఉన్నారు. అట్టివారికి తెల్లచొక్కా, టై, ఛాతీమీద నల్లని పేరుబిళ్ల గల ఇద్దరు యువకులు పరిచయమగుదురు. వారు మర్యాదగా మాట్లాడుదురు, బైబిలు తెరచుదురు, యేసు నామమున ప్రార్థించుదురు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మన పిల్లలు అడుగు ప్రశ్న ఇది: “అయ్యగారూ, వీళ్లు కూడా క్రైస్తవులే కదా? వీళ్ల చర్చికి పోతే తప్పేమిటి?”

ఈ ప్రశ్నకు మనలో చాలమంది ఇచ్చు జవాబు బహుభార్యత్వము, బంగారు పలకలు అను రెండు మాటలతో ముగియుచున్నది. బహుభార్యత్వమును విడిచిపెట్టుచున్నట్లు ఆ సంఘము 1890లోనే ప్రకటించెను. నేడు దానిని ఆచరించు సభ్యులను వెలివేయుదురు. తెలియక పలికినను అబద్ధసాక్ష్యము అబద్ధసాక్ష్యమే. అంతేకాదు, మనము చెప్పినది నిజము కాదని ఆ యువకుడు ఒక్కసారి కనుగొనినయెడల, తరువాత మనము చెప్పు నిజమును కూడ నమ్మడు. కావున వారెవరో, వారమంతయు ఏమి చేయుదురో ముందు చక్కగా తెలిసికొందము.

వారి సంఘము పూర్తి పేరు “యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము”. జోసెఫ్ స్మిత్ (1805–1844) అను అమెరికా దేశస్థుడు 1830 ఏప్రిల్ 6న న్యూయార్కు రాష్ట్రములో దీనిని స్థాపించెను. మోర్మన్ గ్రంథము ప్రచురింపబడినది కూడ ఆ సంవత్సరమే. “మోర్మను” అను వాడుక పేరును విడిచి పూర్తి పేరునే వాడవలెనని 2018లో వారి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా కోరెను. అందరికి తెలిసినది గనుక ఈ వ్యాసములో వాడుక పేరునే ఉంచితిని. నిందించుట నా ఉద్దేశము కాదు.

వారు భారతదేశమునకు వచ్చుట కొత్త సంగతి కాదు. 1852లో సాల్ట్‌లేక్ నగరమున జరిగిన సభలో బ్రిగమ్ యంగ్ అనేకులను దూరదేశములకు నియమించెను. వారిలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ అనువారు 1853లో మద్రాసు చేరిరి. బాలంటైన్ 1849లో సాల్ట్‌లేక్‌లో తన ఇంటనే మోర్మనుల మొదటి సండేస్కూలు నడిపినవాడు. మద్రాసులో అతనికి ఫలితము స్వల్పము. ఏడాది తరువాత వెళ్లిపోయెను. ఆ దశాబ్దము ముగియకముందే దేశమంతట ఆ ప్రయత్నము ఆగిపోయెను.

తెలుగువారి నడుమ వేరు నాటినది అమెరికనులు కారు, తెలుగువారే. ఎడ్విన్ ధర్మరాజు అను కీటకశాస్త్రజ్ఞుడు, ఆయన భార్య ఎల్సీ ఉద్యోగరీత్యా పసిఫిక్ సముద్రములోని సమోవాలో ఉండగా ఆ సంఘములో చేరిరి. 1978లో వారే స్వల్పకాలిక మిషనరీలుగా హైదరాబాదు వచ్చి, తమ బంధువులలో 22 మందికి బాప్తిస్మము జరిగించిరి. ఎల్సీ తండ్రి ప్రొటెస్టెంటు పాదిరి. మోర్మన్ గ్రంథములోని భాగములను తెలుగులోనికి తెచ్చినది ఆయనే. 1980వ దశకపు ఆరంభములో అది అచ్చయ్యెను. 1993లో బెంగుళూరు కేంద్రముగా మిషను ఏర్పడెను. 2012 మే నెలలో హైదరాబాదులో “స్టేక్” ఏర్పడెను. స్టేక్ అనగా అనేక స్థానిక సంఘములు చేరిన ఒక మండలము వంటిది. భారతదేశములో అదే మొదటిది. రాజమండ్రి, విశాఖపట్నములలోను వారి సంఘములున్నవి. వారి తొలి ద్వారము వీధి కాదు, కుటుంబము అని కాపరులు గుర్తుంచుకొనవలెను. పాదిరిగారి కుటుంబమే మొదటి ద్వారమగుట ఆలోచింపదగినది.

ఇక ఆ యువకుని వారము. 2012 అక్టోబరులో మిషనరీ వయసును యువకులకు 19 నుండి 18కి, యువతులకు 21 నుండి 19కి తగ్గించిరి. యువకుడు రెండేండ్లు, యువతి పదునెనిమిది నెలలు సేవ చేయవలెను. జీతము లేదు. చాలమట్టుకు తమ సొంత పొదుపో, కుటుంబము పంపు సొమ్మో ఖర్చులకు ఆధారము. లేనివారికి సంఘనిధి తోడ్పడును. ఎక్కడికి వెళ్లవలెనో వారు కోరుకొనరు. పిలుపు ఉత్తరములో వచ్చిన చోటికి వెళ్లుదురు. విదేశీయులకు వీసా దొరకుట కష్టము గనుక మన రాష్ట్రములలో తిరుగువారిలో అనేకులు భారతీయులే. అయితే వేరొక రాష్ట్రమునుండి వచ్చిన కుర్రవానికి తెలుగు కూడ పరభాషయే గదా!

పందొమ్మిదేండ్ల ఈ కుర్రవానిని “ఎల్డర్” అందురు, అనగా పెద్ద. మన సంఘములలో పెద్ద అనిపించుకొనుటకు తల నెరయవలెను. కొత్తగా చేరినవాడు అధ్యక్షుడు కాకూడదను పౌలు హెచ్చరికను (1 తిమోతి 3:6) ఎరిగిన మనకు ఈ బిరుదు వింతగా తోచును. వారి లెక్కలో అది వయసును బట్టి వచ్చినది కాదు, “మెల్కీసెదెకు యాజకత్వము”లో ఒక స్థానము.

తెల్లవారుజామున లేచి వ్యాయామము, ప్రార్థన, లేఖనపఠనము, జతగాడితో కలిసి పాఠము సిద్ధపరచుట, భాష నేర్చుట, ఇవి ప్రతి ఉదయము తప్పనివి. వారమునకొక దినము, సాధారణముగా సోమవారము, “సిద్ధపాటు దినము”. బట్టలు ఉతుకుట, సరుకులు తెచ్చుకొనుట, ఇంటికి ఉత్తరము వ్రాయుట అప్పుడే. ఇంటివారితో ఫోనులో మాట్లాడుట పూర్వము సంవత్సరమునకు రెండు సార్లే. 2019 ఫిబ్రవరి నుండి వారమువారము మాట్లాడనిచ్చుచున్నారు. మరియొక దినమున చుట్టుప్రక్కల పనిచేయు జతలన్నియు కూడి, ఎవరికి ఏ పాఠము చెప్పితిరో, ఎవరు ఆరాధనకు వచ్చిరో చెప్పుకొందురు. జతగాని విడిచి ఒంటరిగా తిరుగరాదు. స్త్రీ ఒంటరిగా ఉన్న ఇంట ఈ యువకులు పాఠము చెప్పరాదు. మరియొక పెద్దమనిషి ఉండవలెను. ఈ నియమము మన సువార్తికులందరికి ఉండినయెడల ఎన్ని సంఘముల పరువు నిలిచెడిదో!

సాయంకాలమే అసలు పని. సభ్యులు తమ స్నేహితుని ఇంటికో గదికో వారిని తోడుకొనిపోవుదురు. తెలంగాణ ఇండ్లలో చుట్టము కూర్చుండగానే చాయ్ వచ్చును. మిషనరీ దానిని త్రాగడు. 1833 నాటి “జ్ఞాన వాక్యము” ప్రకారము మద్యము, పొగాకుతోపాటు టీ, కాఫీలు కూడ వారికి నిషిద్ధము. పట్నపు గదిలో ఇది చిన్న సంగతి. మన వాడలలో చిన్నది కాదు. తరతరములుగా తమ ఇంట నీళ్లు ముట్టని మనుష్యులను చూచిన తల్లి, చాయ్ వద్దన్న అతిథిని ఏ కంటితో చూచును? “మా ఇంట్ల తాగరా బిడ్డా?” అను మాటలో నొప్పి ఉన్నది. మంచినీళ్లు అడిగి త్రాగువాడు, పెట్టినది కూర్చుండి తినువాడు ఆ నొప్పి మాన్పును. ఆ తెలివి లేనివాని పాఠము చాయ్ కప్పు దగ్గరనే ఆగిపోవును.

పాఠములు “నా సువార్తను ప్రకటించుడి” అను చేతిపుస్తకములోనివి. 2004లో వచ్చిన దీనిని 2023లో సవరించిరి. మొదటి పాఠము పునఃస్థాపన. తరువాత రక్షణ ప్రణాళిక. ఆపైన విశ్వాసము, మారుమనస్సు, బాప్తిస్మము. పిమ్మట దశమభాగము, పవిత్రత మొదలగు ఆజ్ఞలు. ప్రతి పాఠము చివర ఒక ఆహ్వానముండును: ఈ అధ్యాయము చదువుదువా? ఆదివారము వచ్చెదవా? ఫలాని తేదీన బాప్తిస్మము పొందెదవా? ఆదివారమున ప్రభురాత్రి భోజనమునకు రొట్టెతో ద్రాక్షరసమునకు బదులు నీళ్లు ఇత్తురు. ఈ విధముగా కొన్ని వారములలోనే మనిషి నీటియొద్దకు చేరును.

మొదటి పాఠముననే మనము ఆగవలెను. అపొస్తలుల మరణముతో దేవుడిచ్చిన అధికారము భూమిమీదనుండి తొలగెనని, జోసెఫ్ స్మిత్ ద్వారా అది తిరిగి వచ్చెనని ఆ పాఠము బోధించును. మృదువుగా చెప్పబడును గనుక దీని భావము వెంటనే తట్టదు. మన ప్రాంతపు సంగతితో పోల్చి చూడుడి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో మెన్నోనైటు బ్రదరన్ మిషనరీ జె.హెచ్. వోత్ దేవరకొండను కేంద్రముగా చేసికొని పనిచేసెను. రెండేండ్లు కాదు, దశాబ్దములు. ఆ కాలమున వెట్టిచాకిరిలోనుండి, కలరా కరవుల నడుమనుండి మన తాతలు వచ్చి బాప్తిస్మము పొందిరి. ఆ బాప్తిస్మము చెల్లదనుటయే ఆ పాఠపు అర్థము. చెల్లదు గనుకనే మననుండి వెళ్లిన ప్రతివానికి మరల బాప్తిస్మమిత్తురు. చనిపోయిన తాతముత్తాతల పక్షమున దేవాలయములో బాప్తిస్మము పొందుటయు అందులకే. 1 కొరింథీ 15:29ని అందుకు చూపుదురు. పౌలు ఆ మాటను పునరుత్థానము కొరకైన వాదములో వాడెనే గాని దానిని ఆజ్ఞగా ఇయ్యలేదు.

రెండవ పాఠము వెనుక దేవుని గూర్చిన బోధ ఉన్నది. తండ్రికి మాంసము, ఎముకలు గల శరీరమున్నదని, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురు వేర్వేరు వ్యక్తులై ఉద్దేశమునందు మాత్రము ఏకమైయున్నారని వారు నమ్ముదురు. మనుష్యాత్మలు పుట్టుకకు ముందే దేవునియొద్ద జీవించెనని, పరలోకమున మూడు అంతస్తుల మహిమ ఉన్నదని చెప్పుదురు. బైబిలుతోపాటు మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము వారికి లేఖనములే. పదములు మనవే, అర్థములు వేరు. “త్రిత్వమును నమ్ముదురా?” అని కాక, “తండ్రికి శరీరమున్నదా?” అని అడుగుమని మన పిల్లలకు నేర్పవలెను. ఆ మిషనరీ దాచడు, నేరుగా చెప్పును.

అన్నిటికంటె బలమైన సాధనము తర్కము కాదు, ప్రార్థన. మోర్మన్ గ్రంథము చదివి, అది సత్యమా అని దేవుని అడుగుమందురు. యాకోబు 1:5ను చూపుదురు. హృదయములో శాంతియో వెచ్చదనమో కలిగినయెడల అదే జవాబు. యాకోబు అక్కడ మాటలాడినది శోధనలలో కావలసిన జ్ఞానమును గూర్చి, ఒక గ్రంథపు ప్రామాణికతను తేల్చుటను గూర్చి కాదు. ఈ వివరణ సులభమే. మనకు కష్టమైన సంగతి వేరొకటి. మన ఉజ్జీవ కూటములలో “నీ గుండెలో ఏమనిపించుచున్నది?” అని అడిగియే గదా పిల్లలను ముందుకు పిలుచుచున్నాము? అనుభూతియే రుజువని మన వేదికమీద నేర్చుకొన్నవాడు, మరియొక గదిలో అదే రుజువు చూపబడినప్పుడు ఎట్లు కాదనును? బెరయవారు లేఖనములను పరిశోధించిరి (అపొ. కార్య. 17:11). ఆ అలవాటు యువజన కూటములలో కలుగనిది ఎన్ని ఖండన ప్రసంగములు చేసినను ప్రయోజనము స్వల్పము.

మరియొకటి. ఆ ఇద్దరు కుర్రవాండ్రు హాస్టలు గదికి వారమునకు రెండు సార్లు వెళ్లుచున్నారు. జ్వరము వచ్చినప్పుడు పలుకరించుచున్నారు. మన సంఘమునుండి ఆ గదికి ఎవరు వెళ్లిరి? పట్నమునకు వెళ్లు ప్రతివాని చేతికి అక్కడి సంఘకాపరికి ఒక పరిచయపత్రము వ్రాసి ఇచ్చుట, నెలకొకసారి ఫోను చేయుట కొత్త పథకము కాదు. పూర్వము ఊరు మారిన కుటుంబమునకు సంఘపత్రిక ఇచ్చెడివారము.

తిరిగి వచ్చినవారి సంగతి తరచుగా అడుగుచున్నారు. వారు కూడ నీటిలో ముంచియే, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామములు చెప్పియే బాప్తిస్మమిత్తురు. కావున సంఘపెద్దలు “ముంచిరి గదా, మూడు నామములు పలికిరి గదా, ఇంకేమి?” అందురు. యునైటెడ్ మెథడిస్టు సంఘము 2000లోను, రోమన్ కథోలిక సంఘము 2001 జూన్‌లోను మోర్మను బాప్తిస్మమును క్రైస్తవ బాప్తిస్మముగా అంగీకరింపజాలమని తీర్మానించెను. మాటలు ఒక్కటైనను ఆ మాటలు సూచించు దేవుని గూర్చిన విశ్వాసము వేరనునది కథోలికులు చెప్పిన ముఖ్యకారణము. ఇది సరియైనదని నా అభిప్రాయము. కాగా మన సంఘములోనే మొదట బాప్తిస్మము పొంది, అక్కడికి వెళ్లి, తిరిగి వచ్చినవానికి మరల నీళ్లు అవసరము లేదు, మొదటిది నిలిచియున్నది. అతనిని ప్రార్థనతో, ప్రభుబల్లతో చేర్చుకొనవలెను. అక్కడనే మొదట బాప్తిస్మము పొందినవానికైతే దేవుని గూర్చి, క్రీస్తు దైవత్వమును గూర్చి నిదానముగా బోధించి, అతడే కోరినప్పుడు ఇయ్యవలెను. ఇందుకు ఆరు నెలలు పట్టినను ఫరవాలేదు. ఆ కాలమంతయు అతడు మన ఇంట భోజనము చేయుచు, మన నడుమ కూర్చుండి వినుచు ఉండవలెను. సంఘ రిజిస్టరులో అతని పేరు ఎదుట వెనుకటి కథను వ్రాయనక్కరలేదు. తేదీ వ్రాసిన చాలును.