హుస్సేన్ కోసం ఆకాశం ఏడ్చిందా?

హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం నెల పదో రోజున, అంటే క్రీ.శ. 680 అక్టోబరులో, నేటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ముహమ్మద్ ప్రవక్త మనుమడు ఇమామ్ హుస్సేన్, ఖలీఫా యజీద్‌కు విధేయత ప్రకటించడానికి నిరాకరించినందుకు కొద్దిమంది అనుచరులతో సహా అమరుడయ్యాడు. ఆ వధకు మనుషులే కాక నింగీ నేలా కూడా శోకించాయని చెప్పే రివాయత్‌లు, అనగా పరంపరగా వచ్చిన కథనాలు, ఇస్లామీయ గ్రంథాలలో విస్తారంగా కనిపిస్తాయి.

ఆ రోజు సూర్యుడికి గ్రహణం పట్టి పట్టపగలే చుక్కలు కనిపించాయని, దిక్కులు చాలాకాలం ఎర్రబారి ఉన్నాయని, జెరూసలేంలో ఏ రాయి ఎత్తినా దాని కింద తాజా నెత్తురు కనిపించిందని, కంటికి కనిపించని జిన్నులు విలపించాయని ఆ కథనాలు చెబుతాయి. ప్రవక్త భార్య ఉమ్మె సలమా భద్రపరచిన కర్బలా మట్టి ఆనాడు నెత్తురుగా మారిందన్న కథనం షియా సంప్రదాయంలో సుప్రసిద్ధం. ప్రవక్త దుమ్ముకొట్టుకుపోయిన రూపంతో, హుస్సేన్ రక్తమున్న సీసా చేతబట్టుకుని మిట్టమధ్యాహ్నం తనకు కలలో కనిపించాడని ప్రవక్త పినతండ్రి కొడుకు ఇబ్నె అబ్బాస్ చెప్పినట్లు సున్నీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) సంకలనమైన అహ్మద్ బిన్ హంబల్ ‘ముస్నద్’లో ఉంది.

నింగీ నేలా ఏడుస్తాయన్న భావనకు ఖురాన్‌లో ఒక ఆధారాన్ని వ్యాఖ్యాతలు చూపుతారు. నీట మునిగి నశించిన ఈజిప్టు రాజు ఫిరౌను జనం కోసం ఆకాశం గానీ భూమి గానీ ఏడవలేదని దుఖాన్ సూరా (అధ్యాయం)లోని 29వ ఆయత్ (వాక్యం) చెబుతుంది కనుక, పుణ్యాత్ముల కోసం అవి ఏడుస్తాయనే అర్థం అందులో ఇమిడి ఉందని వారి వాదన. హుస్సేన్ హతుడైనప్పుడు ఆకాశం ఏడ్చిందని, దాని ఎరుపే ఆ ఏడుపని సుద్దీ అనే తొలితరం వ్యాఖ్యాత చెప్పిన మాటను చరిత్రకారుడు తబరీ తన ఖురాన్ వ్యాఖ్యానంలో నమోదు చేశాడు. 10వ శతాబ్దపు షియా పండితుడు ఇబ్నె ఖూలవయ్ కూర్చిన ‘కామిలుజ్జియారాత్’లో, ఆకాశం ఏడ్చింది యహ్యా ప్రవక్త (క్రైస్తవుల బాప్తిస్మమిచ్చే యోహాను) కోసం, హుస్సేన్ కోసం మాత్రమేనన్న కథనాలు ఉన్నాయి, అన్యాయంగా తల నరకబడిన ఇద్దరినీ అవి ఒక్క వరుసలో నిలబెడతాయి.

అయితే వీటిపై అభ్యంతరం కూడా ఇస్లామీయ సంప్రదాయం లోపలి నుంచే వచ్చింది. 632లో ప్రవక్త పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజునే సూర్యగ్రహణం పట్టగా, జనం ఆ రెంటికీ ముడిపెట్టినప్పుడు, సూర్యచంద్రులకు ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణం పట్టదని, అవి దైవ నిదర్శనాలని ప్రవక్త చెప్పిన హదీసు సున్నీ, షియా సంకలనాలు రెండింటిలోనూ ఉంది. చాంద్రమాసంలో పదో రోజున సహజమైన సూర్యగ్రహణం అసాధ్యం, ఎందుకంటే అది అమావాస్యనాడే పడుతుంది; కాబట్టి ఆ కథనాన్ని నమ్మేవారు దాన్ని మహిమగానే స్వీకరించాలి. డమాస్కస్‌కు చెందిన 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నె కసీర్, ప్రవక్త మరణించినప్పుడే కనిపించని వింతలు హుస్సేన్ మరణానికి ఎలా కనిపిస్తాయని ప్రశ్నించి వీటిలో చాలావాటిని కల్పనలుగా తోసిపుచ్చాడు గానీ, ఇబ్నె అబ్బాస్ కలను చెప్పిన సాక్షుల వరుస బలమైనదని ఒప్పుకున్నాడు.

సాక్ష్యాల వడపోతతో నిమిత్తం లేకుండా ఈ శోకం మర్సియాలలో, అంటే హుస్సేన్ స్మృతిగా పాడే విలాప కావ్యాలలో, స్థిరపడింది. షియా మతస్థులైన గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో అది దక్కనులో వేళ్లూనుకుంది. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ భాషలో మర్సియాలు రాశాడు. తెలుగు పల్లెల్లో హిందువులు కూడా పాలుపంచుకునే పీర్ల పండుగకు మూలం ఈ కర్బలా స్మృతే.

వింతల విషయంలో అంత కఠినంగా ఉన్న ఇబ్నె కసీరే, హుస్సేన్ హత్యకు ప్రతి ముస్లిమూ దుఃఖించవలసిందేనని రాశాడు. కనుక పండితుల మధ్య వివాదం ఆకాశం ఏడ్చిందా లేదా అన్నదాని గురించే తప్ప, ఆ మరణం ఏడవదగినదా కాదా అన్నదాని గురించి కాదు.